ఫాదర్ గారి దగ్గు

అక్షరాలు యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే మన్నించండి. రోజుకి అరపేజీ మించి నా చెయ్యి సాగదు. ఈ కథలో అమ్మాయి, అబ్బాయి ఒకళ్ళనొకళ్ళు సరిగ్గా చూసుకునేసరికే నాకు నాలుగు రోజులు పట్టింది. నిజానికి వాళ్ళకి అంతకన్నా ఎక్కువే పట్టింది.

ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలో, మా కతోలిక గుడిలో ఆదివారం సాయంత్రం నాలుగింటికి తెలుగు పూజ జరుగుతుంది. ఆ పూజకి పాటలు పాడే బృందాన్ని నడిపేది పెద్దిరాజు గారు. ఆయన ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. శాఖ ఆయన్ని వదిలింది గాని ఆయన శాఖని వదల్లేదు. మా బృందంలో ఎవరు ఏ కీర్తన పాడాలన్నది గొంతును బట్టి కాదు, రిటైరైన తేదీని బట్టి తేలుతుంది. ముందు రిటైరైనవారికి ముందు అవకాశం. అందుకే మా గుడిలో పై స్థాయి పాటలన్నీ కట్టుడు పళ్ళవారివే.

సీనియారిటీ అంటనిది ఒక్కటే, గొట్టాల ఆర్గన్. ఎక్కడో కొండల్లో కన్యాస్త్రీల మఠం మూతపడితే ఎనిమిది పెట్టెల్లో వచ్చింది. ఒక్కో మీటకి ఒక్కో గొట్టం. కింద ఫ్యాను గాలి తోలుతుంటే, మీట నొక్కి ఉంచినంతసేపూ దాని గొట్టం పాడుతుంది. దాన్ని వాయించేది ప్రణతి. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల, ఇందిరాపురంలో ఒక స్కూల్లో టీచరు. వారమంతా నలభైమంది పిల్లల అరుపులు విన్న చెవులకి ఆ గంటసేపే విశ్రాంతి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం బయట వాన. లోపల ఇన్నయ్య ఫాదర్ గారు ఓర్పు గురించి ప్రసంగిస్తున్నారు. ఉన్నట్టుండి ఆర్గన్‌లో ఒక గొట్టం తనంతట తానే కూత మొదలుపెట్టింది. ప్రణతి మీటని తట్టింది, పైకి లాగింది. కూత ఆగలేదు. ఫాదర్ గారు గొంతు పెంచారు. గొట్టం తగ్గలేదు.

వెనక వరసలోంచి తడిసిన చొక్కాతో ఒకతను లేచి వచ్చాడు. ఆర్గన్ వెనక తలుపు తెరిచి, కూస్తున్న గొట్టాన్ని పట్టుకుని, పొలంలో ముల్లంగి పీకినట్టు పీకేశాడు. గుడి నిశ్శబ్దమైపోయింది.

పూజ అవగానే ప్రణతి అతని మీదికి వెళ్ళింది. "ఎక్స్‌క్యూజ్ మీ, ఎవరండీ మీరు? చర్చి సామాను మీద అలా చెయ్యి వేసేయడమేనా?"

"మీ సామానే ముందు ఫాదర్ గారి ప్రసంగం మీద చెయ్యేసిందండీ."

"అరే! పర్మిషన్ అడగాలి కదా!"

"అడుగుదామనే అనుకున్నా. ఆ మోతలో ఎవరికి వినపడుద్ది?"

అతని పేరు బాలశౌరి. ఫిరంగిపురం అబ్బాయి. ఫరీదాబాద్‌లో ఏసీ గాలి గొట్టాలు బిగించే కంపెనీలో పని. గాలి ఎక్కడ ఇరుక్కుంటుందో, ఎక్కడ కారిపోతుందో అతనికి వాసన పట్టినట్టు తెలిసిపోతుంది. గొట్టం అడుగున చేరిన దుమ్ము ఊది, మళ్ళీ గుచ్చి, పైకి చూసి నవ్వాడు. ప్రణతి నవ్వలేదు. ఇంటికి వెళ్ళాక, ఎవరూ లేని వంటింట్లో నవ్వింది.

పెద్దిరాజు గారు అతని ఫోన్ నంబరు రాసుకుని, "అధీకృత నిపుణుడు" అని ఫైలు తెరిచారు. ఇకమీదట ఆర్గన్ వెనక తలుపు నిపుణుడే తెరవాలని సర్క్యులర్ కూడా అంటించారు.

తర్వాతి ఆదివారం బాలశౌరి రాలేదు. ఆర్గన్ బుద్ధిగా పాడింది. ప్రణతికి ఆ బుద్ధి అస్సలు నచ్చలేదు.

ఆ పై ఆదివారం, ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలం మొదటి వారం, కానుకల పాట దగ్గర ఒక మీట కిందికి దిగి అలాగే ఉండిపోయింది. అంటే, ప్రణతే పాటల కాగితం చిన్న ముక్క మడిచి మీటల మధ్య దోపింది. దోపి, బిక్కమొహం పెట్టింది. నటనలో ఆ పిల్లకి ఎవరూ పాఠం చెప్పలేదు, అయినా పెద్దిరాజు గారు నమ్మారు.

ఫోన్ వెళ్ళింది. మండీ హౌస్‌లో మెట్రో మారి, గంటన్నరలో బాలశౌరి దిగాడు. వెనక తలుపు తెరిచి రెండు గంటలు లోపలే ఉన్నాడు. ప్రణతి టార్చి పట్టుకుంది.

"ఇంకా దొరకలేదా?"

"లోతుగా ఉందండీ లోపం. టార్చి కాస్త ఇటు."

"గొట్టాలు అటువైపు ఉన్నాయి. ఇటు నేనున్నాను."

"అచ్ఛా," అన్నాడు ఢిల్లీ వాడిలాగా. టార్చి మాత్రం అటు తిప్పమనలేదు.

ఇలా ఆరు ఆదివారాలు. ఆరుసార్లు మీట ఇరుక్కుంది, ఆరుసార్లు అతను రెండేసి గంటలు కూర్చున్నాడు, ఆరు నివేదికలు రాశాడు: "లోపం మళ్ళీ రావచ్చు. వచ్చే వారం చూడాలి."

పెద్దిరాజు గారు ఆ ఆరింటికీ దారం కట్టి, ఏడో కాగితం జోడించారు. "సదరు వాద్యము మరమ్మతుకు లొంగుట లేదు. కండెమ్ చేయడమైనది." దాని స్థానంలో రెండువందల తాళాలు దానంతట అదే వేసే కీబోర్డు వస్తుందట. ఒక వేలితో వాయించవచ్చట. పెద్దిరాజు గారికి సరిగ్గా ఒక వేలు వచ్చు. ఈస్టర్‌కి ముందురోజు, పవిత్ర శనివారం ఉదయం కమిటీ సంతకాలు పెడుతుంది, ఆ సాయంత్రమే పాత సామాను కొనే కబాడీవాలా వస్తాడు.

ఆర్గన్ పోతే ప్రణతికి ఆ గంట పోతుంది. ఫరీదాబాద్ నుంచి వచ్చే దారీ పోతుంది. పైగా చేసిందంతా తనే.

బుధవారం, చేసిన పాపాలు గురువుకి చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి, జాలీ తెర ఇవతల మోకరించి అంతా చెప్పేసింది. అవతల ఫాదర్ గారికి దగ్గు వచ్చింది. చాలాసేపు తగ్గలేదు.

"ప్రాయశ్చిత్తం చాలా సులువమ్మా," అన్నారు చివరికి. "నీ వల్ల ఎవరి పేరు చెడిందో, ఆ పేరు నువ్వే నిలబెట్టు."

శనివారం ఉదయం కమిటీ గదిలో ఆరుగురు పెద్దలు, ఒక ఫైలు. నిపుణుడి సంతకం కోసం బాలశౌరిని పిలిపించారు. మూలన ఇన్నయ్య ఫాదర్ గారు జపమాల పట్టుకుని కూర్చున్నారు.

"అంకుల్, ఆర్గన్‌లో ఏ లోపమూ లేదు," అంది ప్రణతి.

"రుజువు?"

"ఇప్పుడే వాయించి చూపిస్తాను."

పెద్దిరాజు గారు జాలిగా చూశారు. "గురువారం సాయంత్రం నుంచి ఇవాళ రాత్రి ఈస్టర్ పూజ దాకా గుడిలో ఏ వాద్యమూ మోగకూడదు. నీకు తెలీనిదా బేటా? రూల్ ఈజ్ రూల్."

నిజమే. ఆ రెండు రోజులూ మా గుడిలో గంటలు కూడా మోగవు. వాద్యం నోరు మూసుకుంటే మనిషే నోరు తెరవాలి. ప్రణతి కళ్ళు మూసుకుంది.

"మీటల మధ్య కాగితం దోపింది నేనే. ఆరుసార్లూ."

"ఎందుకు?"

"ఎందుకంటే..." బాలశౌరి వైపు చూసింది. "ఫరీదాబాద్ దూరం కదా అంకుల్. ఊరికే రమ్మంటే ఎవరొస్తారు?"

బాలశౌరి జేబులో చెయ్యి పెట్టి, బల్ల మీద ఒక్కొక్కటే పేర్చాడు. ఆరు కాగితం మడతలు.

ప్రణతి నోరు తెరిచింది. "నీకు తెలుసా? మొదట్నుంచీ?"

"మొదటి వారమే దొరికింది. తీయడానికి అర నిమిషం పట్టింది."

"మరి రెండు గంటలు లోపలేం చేశావు?"

"కూర్చున్నా. తప్పుడు నివేదికలు నేనే రాశా పెద్దిరాజు గారూ. దాని పేరు చెడగొట్టింది నేనూనూ. బుధవారం ఫాదర్ గారికి..." ఆగిపోయాడు.

"ఆయనకి దగ్గు వచ్చిందా?" అడిగింది ప్రణతి మెల్లగా.

"నీకూ వచ్చిందా?"

ఇద్దరూ మూలకి చూశారు. పాపసంకీర్తనంలో విన్నది గురువులు ప్రాణం పోయినా బయటపెట్టరు. ఇన్నయ్య ఫాదర్ గారు జపమాల పూసలు మహా శ్రద్ధగా లెక్కపెడుతున్నారు. ముఖం మాత్రం బీట్‌రూట్‌లా ఉంది.

పెద్దిరాజు గారు ఫైలు మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. "దీన్నిప్పుడు ఏ ఫైల్లో పెట్టమంటారు ఫాదర్?"

"పెళ్ళి ప్రకటనల ఫైలు ఖాళీగానే ఉందండీ," అన్నారు ఫాదర్ గారు.

ఆ రాత్రి ఈస్టర్ జాగరణ పూజలో మహిమ గీతం దగ్గర ఆర్గన్ ఒక్కసారిగా గొంతు విప్పింది. కబాడీవాలా బయట తన రిక్షా మీద కూర్చుని మొత్తం విని వెళ్ళిపోయాడు.

ప్రణతి వాళ్ళమ్మ ఒకే ఒక్కటి అడిగింది. "అబ్బాయికి నిజంగా పని వచ్చా, లేక కూర్చోవడమేనా? మా ఏసీ నీళ్ళు కారుతోంది." బాలశౌరి పదకొండు నిమిషాల్లో బాగుచేశాడు. ఇక కూర్చోవడానికి సాకు లేక లేచి నిలబడితే, ఆవిడే కంచం పెట్టి కూర్చోబెట్టింది.

మాకు పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవడం ఆచారం. మొదటిది పెద్దిరాజు గారే చదివారు, గెజెట్ చదివినట్టు. "ఫిరంగిపురం వాస్తవ్యుడు బాలశౌరికి, వైశాలి వాస్తవ్యురాలు ప్రణతికి వివాహం నిశ్చయమైనది. ఎవరికైనా అభ్యంతరం ఉన్నచో ఇప్పుడే తెలుపవలెను."

ఆర్గన్‌లో ఒక గొట్టం కూత మొదలుపెట్టింది.

గుడి గుడంతా ప్రణతి వైపు తిరిగింది. ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తింది. వెనక వరసలో బాలశౌరి కూడా ఎత్తాడు. "ఈసారి మేం కాదండీ!"

పెద్దిరాజు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఈ అభ్యంతరం నమోదు చెయ్యాలా ఫాదర్?"

ఫాదర్ గారికి దగ్గు వచ్చింది. బాలశౌరి లేచి వెళ్ళి వెనక తలుపు తెరిచాడు. ప్రణతి టార్చి తీసుకుని వెనకే వెళ్ళింది. నిజంగా దుమ్మే. తీయడానికి అర నిమిషం పట్టే పని.

వాళ్ళిద్దరూ బయటికొచ్చేసరికి పూజ అయిపోయింది.

మరియరత్నం, అరవై ఆరేళ్ళు, ఇప్పుడు ఉండేది ఇందిరాపురంలో.