లరీసా ఎందుకు కూర్చుంది?

మొదటి సాక్షి శవం దోహా వెస్ట్ బేలో ఒక టవర్ లిఫ్టులో దొరికింది. మెడ మీద చిన్న సూది గాటు. చూసిన డాక్టరు గుండెపోటని రాసి చేతులు కడుక్కున్నాడు.

"ఇగ మిగిలింది ముసలాయన ఒక్కడే, అజ్రమ్మా," అన్నాడు జలంధర్ కుట్టుమిషన్ ఆపకుండానే. దోహా శివారు ముఐథర్‌లో అందరికీ అతను దర్జీ. అజ్రాకు మాత్రం ఇండియా గూఢచారుల చీఫ్. "విక్టర్ బొందారెంకో. ఉక్రెయిన్ ఇంజనీరు. రేపు ఫ్లైట్ ఎక్కేదాకా ఆయన పాణం నీ చేతిల ఉన్నది."

"ఎక్కినంక?"

"ఢిల్లీల నోరు విప్పుతడు. ఒక గ్యాంగ్ మన దేశానికి పోయే గ్యాస్ ట్యాంకర్ ఓడను జెట్టీ కాడనే పేల్చాలని చూస్తున్నది. ఆ గ్యాంగ్ లీడర్ మొఖం చూసినోడు ఆయనొక్కడే."

 అజ్రా తమ్ముడు మొహియుద్దీన్ ఆ జెట్టీ మీదే వెల్డర్. అక్క దోహాలో ఎవరింట్లోనో వంట చేస్తోందనే అనుకుంటున్నాడు.

"ఆయన ట్రాన్స్‌లేటర్ లరీసా మీద ఒక కన్నేసి ఉంచు. మనకూ ఖబర్ ఇస్తది, వాళ్ళకూ ఇస్తది. ఎటు మొగ్గుతదో దేవునికే ఎరుక." జలంధర్ ఒక స్కార్ఫ్ పిన్ను ఆమె ముందుకు జరిపాడు. "ఇందుల మైక్ ఉన్నది. డ్రైవర్ రాజన్న చెవిల పలుకుతది. కోడ్ వర్డ్, గ్యాస్ మాఫీ. అరబ్బీల గ్యాస్ లేదు, అయిపోయిందన్నట్టు. అది వినంగనే ముసలాయన్ను కారు దించి ఉరుకుతడు. ఎందుకని అడగడు."

"గ్యాస్ మీదనే బతికే ఈ దేశంల గ్యాస్ మాఫీ అంటే పిల్లలు సుత నవ్వుతరు, సార్."

"నవ్వనియ్."

విక్టర్ ఉంటున్న అల్ ఘర్రాఫా విల్లాలో అజ్రా వంటమనిషి. ఆమెకు రష్యన్ వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉల్లిగడ్డలు తరుగుతూ చాలా విన్నది. విక్టర్‌దీ లరీసాదీ ఒకే ఊరు, ఒకే పేట. ఖార్కివ్ నగరపు అంచున, ట్రాక్టర్ల ఫ్యాక్టరీ కోసం ఉత్త బయలు మీద మొలిచిన జిల్లా అది. ప్రభుత్వం ఏ పేరు పెట్టినా అక్కడివాళ్ళు ఫ్యాక్టరీ పేరుతోనే పిలుచుకుంటారు. ఇప్పుడు లక్షన్నర జనాభా. కానీ విక్టర్ చెప్పుకొచ్చే జనాభాలో పోయినవాళ్ళే ఎక్కువ.

రెండో ప్రపంచ యుద్ధం మీదికి వచ్చినప్పుడు ఫ్యాక్టరీ యంత్రాలను విప్పి రైలెక్కించారు, వాటి వెనకే పనివాళ్ళను. విక్టర్ అప్పుడు పసివాడు. అమ్మ మూటలు కట్టి, వాటి మీద పిల్లలను కాసేపు మౌనంగా కూర్చోబెట్టింది. దూరం పోయేవాళ్ళు గడప దాటేముందు అలా కూర్చోవడం వాళ్ళ ఆచారం. ఆ చలికాలంలోనే జర్మన్లు నగరంలోని యూదులను ఆ పేట బ్యారక్‌లలోకి తోలారు. అక్కడినుంచి ఒక లోయ దగ్గరికి నడిపించి కాల్చేశారు. వేలమందిని.

"మా పక్కింటి రైసా పిన్నిని కూడా," అనేవాడు విక్టర్. "వాళ్ళను ఎవరు కూర్చోనిచ్చారు?"

ఆ మాట వచ్చినప్పుడల్లా లరీసా సిగరెట్ ఆర్పేసేది.

ఆ సాయంత్రం ఆమె పచ్చ సిల్కు గౌనులో వచ్చింది. ఎర్రటి లిప్‌స్టిక్, చేతిలో చిన్న పర్సు. ప్రయాణానికి ముందు విక్టర్‌కు వెస్ట్ బే హోటల్లో టీ ఇప్పిస్తానంది. గంటలో తిరిగొచ్చేస్తామంది. ముసలాయన కోటు తొడుక్కుంటూ ఉంటే, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. పర్సు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది. మాట లేదు.

విక్టర్ పకపకా నవ్వాడు. "టీ తాగి రావడానికి కూడా కూర్చోవాలా, పిల్లా? నన్నేమైనా సైబీరియా తోలుకుపోతున్నావా?"

"చెప్పులు కొత్తవి, విక్టర్ మామయ్యా," అంది లరీసా లేస్తూ. "కరుస్తున్నాయి."

వంటింట్లో అజ్రా చేతిలో కత్తి ఆగిపోయింది. లరీసా దగ్గర పెట్టె లేదు, మూట లేదు. మరి దూరం పోయేది ఎవరు?

గేటు బయట కారు స్టార్ట్ అయింది. "యల్లా, పోదాం బాబా, బెల్టు పెట్టుకో," అంటున్నాడు రాజన్న. కారులో ఒక కాలు పెట్టిన లరీసా వెనక్కి తిరిగింది. "ఫోన్ మరిచిపోయాను, ఇప్పుడే వస్తా."

ఫోన్ ఆమె పిడికిట్లోనే ఉండడం వంటింటి కిటికీలోంచి అజ్రాకు కనబడింది.

పొరపాటుపడితే ఇన్నాళ్ళ వేషం బూడిదే. అజ్రా పిన్ను మీదికి వంగింది. "రాజన్నా, గ్యాస్ మాఫీ!"

"ఓర్నాయనో!" బయట కారు తలుపు దభీమంది. ముసలాయనను గోధుమబస్తాలా భుజాన వేసుకుని రాజన్న పక్కింటి గోడ వెనక్కి దూకాడు.

లరీసా హాల్లో కిటికీకి వీపు పెట్టి నిలబడి ఫోన్ బటన్ నొక్కింది. కారు పేలి, గేటు గాల్లోకి లేచింది. అద్దాలు వానలా కురిశాయి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

"కారులో ఎవరూ లేరు," అంది అజ్రా రష్యన్‌లో. ఆమె చేతిలో పిస్టల్ ఉంది.

వంటమనిషి నోట తన భాష విని లరీసా అదిరిపడింది. తర్వాత ఆమె భుజాలు మెల్లగా దిగాయి. బరువు దించుకున్న మనిషిలా ఊపిరి వదిలింది. "ఎలా తెలిసింది?"

"కూర్చున్నావు కదా."

లరీసా కుర్చీ వైపు చూసింది. "ఆయన కూర్చోడు. ఎక్కడికి పోతున్నాడో ఆయనకు తెలియదు కదా. అందుకే ఆయన బదులు నేను కూర్చున్నాను. మా పేటలో కూర్చోకుండా పోయినవాళ్ళు చాలామంది. ఇంకొకరిని నా చేతులతో..."

మాట సగంలో, విషం దాచిన ఉంగరాన్ని పళ్ళ మధ్య నొక్కింది. అజ్రా అందుకునేలోపే నేలకు ఒరిగిపోయింది. అజ్రా ఆమె కళ్ళు మూసి, గౌను మోకాళ్ళ కిందికి లాగింది. ఆమెకు అంతకన్నా చేయగలిగింది లేదు.

మర్నాడు విక్టర్ ఢిల్లీలో గ్యాంగ్ లీడర్ ఫోటో గుర్తుపట్టాడు. జెట్టీ మీద లీడర్ చేతికి బేడీలు పడేసరికి ట్యాంకర్ కింద బాంబుకు తీగ కలపడం ఒక్కటే మిగిలి ఉంది. పైన మొహియుద్దీన్ డ్యూటీలో ఉన్నాడు. లరీసాను, అసలు పేరేదో ఎవరికీ తెలియక, పేరు లేకుండానే పూడ్చారు.

జలంధర్ ఫోన్ చేశాడు. "లీకయ్యే సిలిండర్‌ను కారు డిక్కీల పెట్టింది వంటమనిషేనని పోలీసులకు చెప్పినం, అజ్రమ్మా. నిన్ను ఇంటికి తోలుతున్నరు. బుర్ర లేని వంటమనిషని పేపర్ల సుత పడ్డది. ఏమనుకోకు."

"పడనియ్, సార్," అంది అజ్రా. "కానీ నా చేతి వంట తిని ఇంతవరకు ఎవ్వడూ పేలలేదని అదే పేపర్ల ఒక ముక్క రాయించుండ్రి."