కారుకు సరిపోని జీతం

శనివారం పొద్దున తొమ్మిది గంటలకు ట్రెవర్ చీపురు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఊడవడానికి అక్కడ ఏమీ లేదు. గాలి ఆకులన్నిటినీ కాలవలోకి తోసేసింది. ఇంగ్లండులోని ఆ లింకన్‌షర్ పల్లపు నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. పోస్టు బండి రెండు మైళ్ల అవతల గట్టెక్కగానే ఎర్రగా కనిపిస్తుంది. అతని చూపు అక్కడే ఉంది.

అందులో ఒక ఉత్తరం వస్తోందని నిన్ననే తెలిసింది. అది తన చేతికే రావాలి. చదవకుండానే అందులో ఏముందో అతనికి తెలుసు. క్యాలీఫ్లవర్లు ప్యాక్ చేసే షెడ్డులో తను సూపర్‌వైజర్ కాదు. రెండేళ్లుగా అందరి పక్కనా కదిలే బెల్టు ముందు నిలబడి ఆకులు కోసే పనివాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇదంతా కారుతో వచ్చింది. కంపెనీ తన పనివాళ్లకు కరెంటు కార్లు ఇప్పిస్తోంది. జీతం చేతికి రాకముందే నెలనెలా కొంత కోసుకుని, దానికి బదులు కారు వాడుకోనిస్తారు. పన్ను పడకముందే కోత గనక బయటకంటే చవక. ఆ కాగితం ట్రెవర్ కోటు జేబులో భార్య లోర్నాకు దొరికింది. "చూద్దాంలే" అంటూ అతను మూడు నెలలు దాటవేశాడు. ఎదురింటి మేవిస్ కొడుకు తెల్ల కరెంటు కారు తెచ్చిన వారమే, లోర్నా మొగుడి బ్యాడ్జీ మీది నంబరు చూసి తనే కంప్యూటర్లో దరఖాస్తు నింపేసింది. హోదా అన్న చోట సూపర్‌వైజర్ అని రాసింది. కారు రాకపోవడమనేది ఆమె ఊహలోనే లేదు. గురువారం గోడకు చార్జింగ్ పెట్టె కూడా బిగించేయించింది. ఆ పెట్టె చూశాకే ట్రెవర్‌కు విషయం తెలిసింది.

శుక్రవారం ఆ దరఖాస్తు సంగతి, ఉత్తరం సంగతి షెడ్డులో అందరికీ తెలిసింది. ఆఫీసులో ఎవరో నోరు జారారు. బెల్టు దగ్గర ఆడవాళ్లు అతనికి దారి వదిలి, "సార్ వస్తున్నారు, సార్‌కు కారొస్తోంది" అని వంగి వంగి దండాలు పెట్టారు. అతను కత్తి తీసుకుని సాయంత్రం దాకా ఆకులు కోశాడు.

"ట్రెవర్! ఆ గేటు ఎక్కడికీ పోదు. లోపలికి రా," కిటికీలోంచి అత్తగారు డోరీన్ అరిచింది. రెండేళ్ల కిందట ఆమెకు కుడి పక్క పడిపోయింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు.

"వస్తున్నాను."

"ఆ గోడ మీది పెట్టెకు ముందు నిన్ను తగిలించాలి. కాస్త చురుకు పుడుతుందేమో."

లోర్నా పొయ్యి దగ్గర సాసేజీలు తిప్పుతూ నవ్వింది. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి ఇప్పుడే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మనసు హుషారుగా ఉంది. "నీలంరంగు అడిగాను. మేవిస్‌ది తెలుపు. తెలుపు మీద బురద దాగదు," అంది.

"మొగుణ్ని కూడా బురద దాగే రంగులోనే ఎంచుకున్నావు," అంది డోరీన్. "ఆదివారం ఆదివారం గాలం పట్టుకుపోతాడు. రెండేళ్లలో ఒక్క చేప మొహం చూశామా?"

అంతలో పెరటి తలుపు తీసుకుని రాయ్ వచ్చాడు. లోర్నా అన్న. బంగాళాదుంపలు తోలే లారీలు ఆరు ఉన్నాయి అతనికి. చేతిలో ఉత్తరాల కట్ట ఉంది. "పోస్టువాడు మలుపులో కలిశాడు. ఎలాగూ ఇక్కడికే కదాని పట్టుకొచ్చాను. ట్రెవ్, షెడ్డు నుంచి నీకేదో వచ్చింది."

గేటు దగ్గర నుంచి ట్రెవర్ లోపలికి వచ్చేసరికి కవరు డోరీన్ ఎడమ చేతిలో ఉంది. పళ్లతో చింపుతోంది.

"అది నాది, డోరీన్. ఇటివ్వండి."

"నీకు వచ్చే ఉత్తరాల్లో నాకు తెలియని రహస్యాలేమున్నాయిలే." కళ్లజోడు సర్దుకుని బళ్లో పిల్లలా గట్టిగా చదవసాగింది. "మీ దరఖాస్తును తిరస్కరించడమైనది. మీ హోదా, బెల్టు కార్మికుడు. రెండేళ్ల కిందటి మార్చి పద్నాలుగు నుంచి. కోత తర్వాత మీ గంట కూలి చట్టం నిర్ణయించిన కనీస వేతనం కంటే తగ్గిపోతుంది. హోదాను తప్పుగా తెలిపిన విషయమై సోమవారం ఉదయం కార్యాలయంలో హాజరు కావలెను."

పొయ్యి మీద సాసేజీ చిటపటలాడింది. ఎవరూ తిప్పలేదు.

మొదట రాయ్ నవ్వాడు. "చట్టమే అడ్డుపడి, వీడి దగ్గర ఇంక కోయడానికేం లేదందా? ఓ ట్రెవ్! మా డ్రైవర్ చెప్పాడు, ఆదివారాలు నువ్వు ఎవరిదో యార్డులో నీళ్ల గొట్టం పట్టుకుని లారీలు కడుగుతున్నావని. మా చెల్లెలి మొగుడు సూపర్‌వైజరు, నీకు కళ్లు కనబడవు పోరా అన్నాను."

"చేపలు!" అంది డోరీన్. "లారీల కింద పట్టావా చేపలు?"

లోర్నా గరిటె కింద పెట్టింది. తలుపు పక్కన కొక్కేనికి సూపర్‌వైజర్ల ఎర్ర టోపీ వేలాడుతోంది. "వారం వారం దాన్ని నా చేత ఉతికించావు. ఎప్పుడూ మాయదేమిటా అనుకునేదాన్ని. శుభ్రంగా ఉండే మొగుడనుకున్నాను." గొంతు పైకి లేచింది. "ఆ పెట్టెను ఊరంతా చూసింది! మేవిస్‌కు రంగు కూడా చెప్పాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని బయటికి వెళ్లను? తాగి పోగొట్టుకున్నావా ఉద్యోగం? దొంగతనం చేశావా?"

ట్రెవర్ చీపురును గోడకు ఆనించాడు. జారిపోతే మళ్లీ ఆనించాడు.

"మాట్లాడవేం?"

"వాడేం మాట్లాడతాడు," అంది డోరీన్. "నా కూతురు బ్యాంకువాణ్ని కాదని వీణ్ని చేసుకుంది. అప్పుడే చెప్పాను. రెండేళ్లు అబద్ధం తిని బతికాడు. మార్చి పద్నాలుగు నుంచి..." మళ్లీ కాగితం చూసింది. పెదవులు కదిలాయి. బొటనవేలు ఆ తేదీ మీద ఆగింది.

లోర్నా తల్లి చేతిలోని కాగితం లాక్కుంది. తేదీ చూసింది. ఆసుపత్రి నుంచి తల్లిని ఈ ఇంటికి తెచ్చింది ఆ మార్చి పన్నెండున. రాత్రుళ్లు రెండు మూడుసార్లు లేపి, మరుగుదొడ్డికి నడిపించి, మళ్లీ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తనకేమో రాత్రి డ్యూటీ. ట్రెవర్‌కూ అప్పుడు రాత్రి షిఫ్టే.

"పగటి షిఫ్టుకు మార్చారన్నావు," అంది నెమ్మదిగా.

"నేనే మార్చుకున్నాను. పగటికి సూపర్‌వైజర్ ఖాళీ లేదు. బెల్టు దగ్గరే ఉంది."

"నాతో ఒక్క మాట అనుంటే..."

"డోరీన్ ఏమనేవారో నాకు తెలుసు."

"ఏమనేదాన్ని?" అంది డోరీన్.

"నిన్ను అడిగానా, అనేవారు."

డోరీన్ కిటికీ వైపు తిరిగింది. "అనేదాన్నే," అంది.

రాయ్ ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. "ఇదంతా నువ్వే నెత్తికెత్తుకున్నావు ట్రెవ్. డబ్బిస్తే రాత్రికి మనిషిని..."

"నీకు ఐదు గదుల ఇల్లుంది," అంది డోరీన్ అతని వైపు తిరగకుండానే. "ఆసుపత్రిలో అడిగితే ఒక్కటీ ఖాళీ లేదన్నావు. ఒక దాంట్లో మీ ఆవిడ కుట్టుమిషను పెట్టుకుందట. ఆ మిషను కంటే తక్కువదాన్ని నేను. పో. నీ టీ నువ్వు ఇంట్లో తాగు."

రాయ్ వెళ్లిపోయాడు. బండి చప్పుడు గట్టు మీద చాలా దూరం దాకా వినిపించింది.

లోర్నా కుర్చీలో కూలబడింది. "నన్ను పరాయిదాన్ని చేశావు. అడిగుంటే నేను..."

"నువ్వు అడగలేదు," అన్నాడు ట్రెవర్. పెళ్లయ్యాక ఇరవై రెండేళ్లలో అతను గొంతు పెంచిన సందర్భం అది ఒక్కటే. అయినా పక్క గదికి వినిపించేంత లేదు. "పగటి షిఫ్టు వచ్చిందంటే 'మన అదృష్టం' అని పడుకున్నావు. జీతం ఎందుకు తగ్గిందని చూడలేదు. ఆ లోటు ఆదివారాలు లారీలు కడిగి నేను పూడుస్తూనే ఉన్నాను. మేవిస్ ముందు నీకు సూపర్‌వైజర్ మొగుడు కావాలి. రాత్రి మీ అమ్మ దగ్గర మనిషి కావాలి. రెండూ ఇచ్చాను. ఇంకా కారు కూడా ఎక్కడి నుంచి తెమ్మంటావు?"

ముందే చెప్పి ఉంటే తల్లి కంటే ఎక్కువగా తనే తిట్టి ఉండేదని లోర్నాకు తెలుసు.

అప్పుడు తల్లి కుర్చీ కింద నేల మీద చుక్కలు పడ్డ చప్పుడైంది. డోరీన్ ఎడమ చేత్తో గౌనును మోకాళ్ల మీదికి గట్టిగా లాక్కుంటోంది. ఎంతసేపటి నుంచి బిగబట్టిందో. ఇన్ని మాటలన్నాక అతణ్ని పిలవడానికి నోరు రాలేదు. లోర్నా లేవబోయింది. "నువ్వొద్దు," అంది తల్లి. గొంతు పీలగా వచ్చింది. "నీతో నాకు నిలబడటం రాదు."

ట్రెవర్ అత్తగారి కుర్చీ ముందు కూర్చుని ముందుగా ఆమె కుడి పాదాన్ని చేత్తో జరిపాడు. తన మోకాలిని ఆమె మోకాలికి ఆనించాడు. "మూడు అనగానే," అన్నాడు. ఒకటి, రెండు అనలేదు. ఆమె ఎడమ చెయ్యి అప్పటికే అతని మెడ వెనక్కి చేరింది. ఇద్దరూ ఒకేసారి లేచారు. తలుపు దగ్గర అతను భుజం దించాడు, ఆమె తల వంచింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. డోరీన్ మొహం అతని చొక్కాలో దాచుకుంది. వీపు ఎగిరెగిరి పడుతోంది. "జాగ్రత్త, గడప," అన్నాడు అతను.

ముసలివాళ్లను లేపి పడుకోబెట్టడమే లోర్నా వృత్తి. పదిహేనేళ్లుగా చేస్తోంది. అలా లేపడం తనకు ఈనాటికీ రాలేదు. ఆ అలవాటుకు ఎన్ని రాత్రులు పట్టి ఉంటాయో ఆమె ఒక్కతే లెక్కకట్టగలదు. ఆ రాత్రులన్నీ తను పరాయివాళ్ల మంచాల దగ్గర ఉంది. నేల తుడవడానికి గుడ్డ తీసుకుని మోకాళ్ల మీద వంగింది. తుడిచిన చోటే మళ్లీ తడి అవుతోంది.

అరగంటకు ట్రెవర్ తిరిగొచ్చి చేతులు కడుక్కున్నాడు. "ఆరిన గౌను తొడిగాను. పడుకున్నారు."

"సోమవారం నేనూ వస్తాను," అంది లోర్నా నేల మీది నుంచి లేవకుండానే. "ఆఫీసులో చెబుతాను. ఆ హోదా రాసింది నేనేనని, నీకు తెలియదని."

ట్రెవర్ చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"ఆఫీసులో కాదు. బెల్టు దగ్గరికి వచ్చి చెప్పు. అందరూ వినేలా."

ఆమె చేతిలోని గుడ్డను మడిచింది. ఆ బెల్టు దగ్గర మేవిస్ చెల్లెలు కూడా ఈ వారమే పనిలో చేరింది.

"ఎన్నింటికి మొదలవుతుంది?" అంది.

"ఆరింటికి."

"అయితే ఐదున్నరకు బయల్దేరాలి," అంది లోర్నా. అతని పాదాల దగ్గర నేల మీద కూర్చుని గుడ్డలో మొహం పెట్టుకుని ఏడ్చింది.