ఫ్రేములో సగం కుర్చీ

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, నాలుగు సెక్యూరిటీ కెమెరాలు కళ్ళప్పగించి చూస్తుండగా, గూఢచారి డిపార్ట్‌మెంట్‌లోకెల్లా గొప్ప కోడ్ నిపుణుణ్ణి ఆయన సొంత ఇంట్లోనే కాల్చి చంపారు. ఒకే ఒక్క తూటా. కిటికీ అద్దంలోంచి వచ్చి వెన్నులో దిగింది. ఆయన చేతిలో కాఫీ కప్పు కూడా పగల్లేదు. ఒళ్ళోకి ఒరిగిపోయిందంతే.

పోయినాయన ఏజెంట్ నలభై రెండుకి స్వయానా బావ.

నలభై రెండు అన్నది రికార్డుల్లో మాట. గేటు దగ్గర గార్డు మొదలుకొని అందరూ అతన్ని మిరపకాయ అంటారు. మొహం మీద అనగలిగే ధైర్యం చీఫ్ ఒక్కరికే ఉంది. హత్య జరిగిన ఎనిమిదో రోజు పొద్దున్న చీఫ్ గదిలో బ్రీఫింగ్‌కి కూర్చున్నప్పుడు ఆ ధైర్యం చీఫ్‌కి కూడా లేకపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, ఎక్కడో పెట్టి, మళ్ళీ దానికోసమే వెతుకుతూ విషయం చెప్పుకొచ్చారు.

చంపింది ఒక విదేశీ ముఠా. లోపల్నుంచి తినేస్తుంది గనక డిపార్ట్‌మెంట్ దానికి చెదలు అని పేరు పెట్టుకుంది. డిపార్ట్‌మెంట్‌లో ఆ ముఠాకి ఒక మనిషి ఉన్నట్టు బావ కనిపెట్టాడు. ఆ మనిషెవరో తేలకముందే పోయాడు. తూటా రావడానికి ముందు ఇంటి ఫోన్ మోగింది. ఇంటర్నెట్ కంపెనీ నుంచి అంటూ ఒక ఆడగొంతు మాట్లాడింది. కెమెరా ఫ్రేము జరిగింది, ఒక్క నిమిషం కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే చూసి సరిచేస్తాం అంది. ప్రపంచంలో కెమెరాలు బిగించే ప్రతివాడూ అడిగే మాటే అది. అక్కడ నిలబడండి, ఇక్కడ కూర్చోండి, కొంచెం ఎడమకి. బావ మర్యాదస్తుడు. వెళ్ళి కూర్చున్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి వంటింట్లో ఉన్న ఆయన భార్య, మిరపకాయ అక్క, ఆ గొంతు విన్నది. మళ్ళీ వింటే గుర్తుపడతానంటోంది.

ఈ రోజే, సాయంత్రం నాలుగింటికి, విచారణ కమిటీ ఆమెతో వీడియోలో మాట్లాడుతుంది. డిపార్ట్‌మెంట్ ఆడవాళ్ళందరి గొంతులూ వినిపిస్తుంది. అప్పటిదాకా ఆమె ప్రాణంతో ఉండాలి.

"సేఫ్ హౌస్‌లో దాచిపెట్టాం. కెమెరాలు కూడా బిగించాం" అన్నారు చీఫ్.

"పాస్‌వర్డ్?"

చీఫ్ కిటికీలోంచి బయటికి చూశారు. "మీ బావ ఇంటితో కలిపి మన పదకొండు ఇళ్ళకీ ఒకటేనయ్యా. ఎక్కడేం జరుగుతోందో నేను ఫోన్‌లో చూసుకోవాలి కదా? పదకొండు పాస్‌వర్డులు గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాదు. మా మనవరాలి ముద్దుపేరే పెట్టించాను."

మిరపకాయకి అరికాలి మంట నెత్తికెక్కింది. బావని చంపిన వాళ్ళు గురి చూసింది తుపాకీతో కాదు, ముందు ఆ నాలుగు కెమెరాలతో. ఎప్పుడు లేస్తాడు, ఎక్కడ కూర్చుంటాడు, ఏ కుర్చీ కిటికీకి ఎంత దూరం, అంతా డిపార్ట్‌మెంటే పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. అరుస్తూ అతను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

దాన్ని లేపి నిలబెట్టింది నెమలి. చీఫ్‌కి స్పెషల్ అసిస్టెంట్. ఆకుపచ్చ సిల్కు కోటు, ఆమెకంటే ముందు గదిలోకి వచ్చే సెంటు, ఎవరితో మాట్లాడుతుంటే వాళ్ళే ముఖ్యులన్నట్టు చూసే కళ్ళు. రెండేళ్ళ కిందట డిపార్ట్‌మెంటే ఆమెని చెదల ముఠాలోకి పంపింది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె తమ మనిషని వాళ్ళు నమ్ముతారు, వాళ్ళలో ఆమె మన మనిషని మనవాళ్ళు నమ్ముతారు. "అక్కగారు జాగ్రత్త" అంది గుసగుసగా. ఆ గదిలో అతని కోపాన్ని కాస్త దించిన మాట అదొక్కటే. తర్వాత అది తల్చుకుని అతను తనని తాను చాలా తిట్టుకున్నాడు.

పదిన్నరకి సేఫ్ హౌస్ గేటు ముందు ఒక కెమెరా టెక్నీషియన్ వచ్చి నిలబడ్డాడు. భుజాన నిచ్చెన, చేతిలో డ్రిల్లు, మూతి మీద ఒత్తైన మీసం. "నీళ్ళ మీటరు ఏ వైపు?" అని అడగాలి, "చెట్టు లేని వైపు" అని జవాబు రావాలి. అదీ కోడ్. అక్క తలుపు సందులోంచి చూసింది.

"ఆ మీసం పీకి లోపలికి తగలడు" అంది తమ్ముడితో.

నెట్‌వర్క్ బాక్సు హాల్లో చెప్పుల స్టాండు పైన ఉంది. మూత తెరిస్తే లోపల తెల్ల కాగితం, దాని మీద గుండ్రటి అక్షరాల్లో చీఫ్ మనవరాలి ముద్దుపేరు. తర్వాత వచ్చే మనిషికి ఇబ్బంది కలగకూడదని టెక్నీషియన్లు చేసే ఉపకారం అది. మిరపకాయ ఆ కాగితాన్ని ఎన్ని ముక్కలు చెయ్యొచ్చో అన్ని ముక్కలు చేశాడు. కసి తీరలేదు.

తర్వాత నాలుగు గంటలు మాట్లాడకుండా పనిచేశాడు. వైఫైని జామర్‌తో ఎవడైనా పడుకోబెట్టగలడు కాబట్టి గోడ వారగా కేబుల్ లాగాడు. వెనక స్టోర్ రూములో కొత్త రూటర్, కొత్త రికార్డర్ పెట్టాడు. గేటు కెమెరా, పెరటి కెమెరా, ఎదురుగా సగం కట్టి వదిలేసిన బిల్డింగు వైపు తిప్పిన కెమెరా, కమిటీతో మాట్లాడే లాప్‌టాప్, అన్నీ దాని మీదికి మార్చాడు. హాల్లో పాత రూటర్‌ని మాత్రం అలాగే వదిలేశాడు. దాని మీద ముందు గది కెమెరా ఒక్కటే మిగిలింది.

అక్క స్టోర్ రూములో స్టూలు మీద కూర్చుని అతను స్క్రూలు బిగించడం చూస్తోంది. ఏడుపు ఎప్పుడో అయిపోయిన మొహం. మిగిలింది కోపమే.

"పోయే ముందురోజు సాయంత్రం ఆయన నీకు ఫోన్ చేశారు" అంది. "పాస్‌వర్డ్ అన్ని ఇళ్ళకీ ఒకటే పెట్టారట, నాకు నచ్చలేదు, వచ్చి ఒకసారి చూడరా అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నువ్వేమన్నావు?"

అతని చేతిలో స్క్రూ డ్రైవర్ ఆగిపోయింది. "రేపు చూస్తాను బావా అన్నాను."

"మీ చీఫ్ మీద అరిచావట. బాగానే ఉంది. నీ మీద ఎవరు అరవాలి?"

ఎనిమిది రోజులుగా కనిపించిన ప్రతివాడి మీదా పడుతున్నది తన మీద తనకున్న కోపమేనని అతనికి తెలుసు. ఆ సంగతి అక్కకీ తెలుసని ఇప్పుడు తెలిసింది. స్క్రూ బిగించాడు. అవసరమైనదానికంటే రెండు చుట్లు ఎక్కువే తిప్పాడు.

మూడింటికి చీఫ్ ఫోన్ చేశారు. ఫోన్‌లో బొమ్మ రావడం లేదట. కొత్త పాస్‌వర్డ్ కావాలట. మిరపకాయ ఎదురుచూస్తున్నదే అది. పాత రూటర్‌కి అప్పుడే పెట్టిన పద్దెనిమిది అక్షరాల పాస్‌వర్డ్ చీఫ్‌కి, ఈ భూమ్మీద చీఫ్ ఒక్కరికే, అక్షరం అక్షరం చెప్పాడు. తర్వాత ఆ రూటర్‌లోకి ఎవరెవరు వస్తున్నారో చూపించే లాగ్ తెరిచి చూస్తూ కూర్చున్నాడు. రెండు నిమిషాలకి చీఫ్ ఫోన్ లోపలికి వచ్చింది. ఇంకో నాలుగు నిమిషాలకి ఎవరిదో రెండో పరికరం వచ్చింది.

మళ్ళీ చీఫ్‌కి డయల్ చేశాడు. "పాస్‌వర్డ్ టైప్ చేసింది ఎవరు?"

"నెమలి. నా కళ్ళజోడు కనిపించలేదు."

మిరపకాయ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "ఆమె గొంతు కమిటీ లిస్టులో ఉందా?"

"ఎలా ఉంటుందయ్యా? ఆమె డబుల్ ఏజెంట్. ఆమె గొంతు సీల్డ్ ఫైల్. బయటికి రాకూడదని నేనే కొట్టేశాను."

ఒళ్ళు భగ్గుమంది. అయినా అతను అరవలేదు. ఆమెకి అనుమానం రానివ్వొద్దని, బిల్డింగు మాత్రం దాటనివ్వొద్దని చెప్పాడు. అరెస్టు చేస్తే లాభం లేదు. ముఠా నమ్మకం కోసం పాస్‌వర్డ్ ఎరగా వేశానంటుంది, అది ఆమె ఉద్యోగమే. బావని కుర్చీలో కూర్చోబెట్టిన గొంతు ఆమెదే అని చెప్పగలిగేవి అక్క చెవులు మాత్రమే. ఆ చెవులకి ఆమె గొంతు వినిపించాలి.

ముందు గదిలోకి వెళ్ళాడు. కుర్చీని కిటికీకి వెన్ను పెట్టి జరిపాడు. అక్కడికి గురి కుదిరేది ఒక్కచోటు నుంచే, ఎదురు బిల్డింగు మూడో అంతస్తు. తర్వాత నిచ్చెనెక్కి కెమెరాని కొద్దిగా పక్కకి తిప్పాడు. ఇప్పుడు ఫ్రేములో సగం కుర్చీయే కనిపిస్తుంది. కూర్చున్నారో లేదో తెలియదు. తెలియాలంటే ఫోన్ చెయ్యాల్సిందే.

"మళ్ళీ అదే ఫోన్ చేస్తారా? అంత తెలివితక్కువ వాళ్ళా?" అంది అక్క.

"ఒకసారి పారిన ఎత్తు అక్కా అది. మార్చరు."

ఎదురు బిల్డింగులోకి మిరపకాయ పిలిపించిన నలుగురు ఏజెంట్లు పెయింట్ డబ్బాలు మోసుకుంటూ వెళ్ళి రెండో అంతస్తులో గోడకి రంగు వెయ్యడం మొదలుపెట్టారు. కాలర్‌లోని మైకులో సిగ్నల్ వచ్చేదాకా పైకి అడుగు పెట్టొద్దని మిరపకాయ వాళ్ళకి గట్టిగా చెప్పాడు. పైన తుపాకీతో కాపు కాసేవాణ్ణి ముందే పట్టుకుంటే ఫోన్ మోగదు. మూడు నలభై అయిదుకి లాప్‌టాప్‌లో కమిటీ ముగ్గురూ ప్రత్యక్షమయ్యారు. మనిషి కూర్చున్నట్టు కనిపించేలా ఒక దిండుకి అక్క శాలువాని చుట్టి, కుర్చీ వెనక నేల మీద అతను పడుకున్నాడు. చేతిలో ఫోన్, అందులో ఎదురు బిల్డింగు.

మూడు యాభై రెండుకి స్టోర్ రూములో ఇంటి ఫోన్ మోగింది. అక్క స్పీకర్ నొక్కి, ఫోన్‌ని లాప్‌టాప్ పక్కన పెట్టింది.

"మేడమ్, ఇంటర్నెట్ కంపెనీ నుంచి. మీ ముందు గది కెమెరా ఫ్రేము కొంచెం జరిగింది. ఒక్క నిమిషం కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటారా? చూసి సరిచేస్తాం."

అదే తీయదనం. అదే తొందర లేని మర్యాద. అక్క చెయ్యి స్టూలు అంచుని పట్టుకుంది. ఆ గొంతుని పీక పట్టుకుని బయటికి లాగాలనిపించింది ఆమెకి. గొంతు సవరించుకుంది.

"ఏ వైపు తిరిగి కూర్చోవాలి?"

"కిటికీకి వెన్ను పెట్టి, మేడమ్."

"సరే, వెళ్తున్నాను. నాకు మోకాళ్ళ నొప్పి, కొంచెం టైమ్ పడుతుంది" అంది. ఫోన్ మైకు మీద చెయ్యి పెట్టి కమిటీ వైపు తిరిగింది. "ఇదే. మా ఆయన్ని కూర్చోబెట్టిన గొంతు ఇదే. రాసుకోండి."

ముందు గదిలో మిరపకాయ దిండుని కుర్చీలోకి నెట్టాడు. శాలువా జారింది. దిండు పక్కకి ఒరిగి ధబ్బున నేల మీద పడింది. స్పీకర్‌లో గొంతు ఒక్క క్షణం ఆగింది. "మేడమ్? మీరు కనిపించడం లేదు." ఇంకో అయిదు సెకన్లు కుర్చీ ఖాళీగా ఉంటే ఎదురు మూడో అంతస్తులోవాడు సర్దుకుని వెళ్ళిపోతాడు. ఇవాళ కాకపోతే రేపు, ఈ ఇంట్లో కాకపోతే ఇంకో ఇంట్లో అక్కని వెతుక్కుంటూ వస్తాడు.

అతను శాలువా తల మీద కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు. కిటికీకి వెన్ను పెట్టి.

ఒళ్ళో ఫోన్‌లో, పిట్టగోడ మీదికి నల్లటి గొట్టం మెల్లగా పాకింది. "ఇప్పుడు" అన్నాడు కాలర్‌లోకి. పెయింటర్లు మెట్లెక్కడానికి నాలుగు సెకన్లు. అప్పటిదాకా కదలకూడదు. భయం వేసింది, కానీ దాన్ని మింగేసేంత కోపం వచ్చింది. బావ ఇలాగే కూర్చుని ఉంటాడు, చేతిలో కాఫీతో, ఎవరికో సాయం చేస్తున్నాననుకుని. కొంచెం ఎడమకి జరగమంటే జరిగి కూడా ఉంటాడు. మూడు. నాలుగు.

అద్దం పగిలింది. తూటా అతని తల మీదుగా వెళ్ళి గోడ గడియారంలో దిగింది. ఫోన్‌లో, మూడో అంతస్తులో, రంగు పూసుకున్న నలుగురు ఒకణ్ణి బోర్లా పడేసి మీద కూర్చున్నారు. వాడి తుపాకీ ఇంకా ఆకాశం వైపు చూస్తోంది.

నెమలిని రికార్డు రూములో పట్టుకున్నారు. ఫోన్ అక్కణ్ణుంచే చేసింది. కాఫీ తెస్తానంటే చీఫ్ పంపించారట. ఆమె చెక్కుచెదరకుండా చిరునవ్వుతోనే కమిటీ ముందుకి వచ్చింది. అంతా ముఠాని పట్టించడానికి ఆడిన నాటకమే అంది. ఎనిమిది రోజుల కిందటి ఫోన్ కూడా నాటకమేనా అని కమిటీ అడిగితే మాత్రం లాయర్ని పిలిపించమంది.

మిరపకాయ స్టోర్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టు నిండా గాజు పెంకులు, చేతిలో శాలువా. అక్క లేచి వచ్చి అతని చెంప మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే.

"కూర్చోమని ఎవరు చెప్పారురా నీకు? ఆయన్ని పోగొట్టుకున్నది చాలదా?"

తర్వాత అతని తల వంచి, గాజు పెంకులు ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు డిపార్ట్‌మెంట్ ఆమెని వేరే ఇంటికి మార్చింది. కెమెరాలన్నీ మిరపకాయే బిగించాడు. పాస్‌వర్డ్ పెట్టే సమయానికి అక్క లాప్‌టాప్ తన వైపు లాక్కుని, అతన్ని గోడ వైపు తిరగమని, తనే పెట్టుకుంది. పాస్‌వర్డ్ అడగడానికి చీఫ్ రెండుసార్లు ఫోన్ చేశారు. ఆమె రెండుసార్లూ పెట్టేసింది.

ఆ వారం చివర్న అతను అక్కని చూడ్డానికి వెళ్ళాడు. బెల్ కొట్టాడు. గేటు మీద కెమెరాలో చిన్న ఎర్రలైటు వెలిగింది. లోపల ఎవరో చూస్తున్నారు. తలుపు మాత్రం తెరుచుకోలేదు. పదకొండు నిమిషాలు, ఎండలో, మొహం కెమెరాకి బాగా కనిపించేలా ఎత్తి పెట్టి నిలబడ్డాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఏజెంట్ నలభై రెండు చూసిన సెక్యూరిటీల్లో మొదటిసారి వంక పెట్టడానికి ఏమీ దొరకనిది అదే.