దిగని నరసింహం

చలికాలం వచ్చిందంటే మా మన్సూరాబాద్‌లో సాయంత్రాలు బాగుంటాయి. ఆ మాట ఒప్పుకుంటాను. పొద్దు తొందరగా వాలుతుంది. కాలనీలో ఖాళీ జాగా చూసి షామియానా వేస్తారు. ఒక పక్క మిర్చి బజ్జీల మూకుడు, ఒక పక్క ఉడికే మొక్కజొన్న కంకులు. చెవులకు మఫ్లర్లు చుట్టుకున్న ముసలోళ్ళంతా ముందు కుర్చీల్లో. ఒక ఆదివారం ఒగ్గుకథ, ఇంకో ఆదివారం కోలాటం, మధ్యలో కరోకే పాటలు. కాలనీ సంఘం దీనికి పెట్టిన పేరు శీతాకాల సంబరాలు.

ఆ సంబరాల్లో ఒక సాయంత్రం నాది. నా బాగోతం.

నేనెవరో చెప్పకపోతే మీకు ఈ కథ విలువ తెలియదు. నా పేరు రామస్వామి. హయత్‌నగర్ డిపోలో బస్సు నడిపాను, కానీ అది పొట్టకూటి పని. నా అసలు ఉద్యోగం హిరణ్యకశిపుడు. నల్లగొండ పల్లెల్లో నేను మీసం మీద చెయ్యి వేస్తే ముందు వరుసలోంచి నిండుచూలాళ్ళను లేపి వెనక్కి పంపేవారు. "ఎక్కడరా నీ హరి?" అని నేనొక్క కేక వేస్తే పక్కూళ్ళో ఎడ్లు పలుపులు తెంపుకునేవి. నమ్మకపోతే ఆ ఎడ్లనడగండి. మైకు ముట్టి ఎరగను. మైకు గొంతులేనివాడి ఊతకర్ర.

ప్రహ్లాద చరిత్ర ఆడే మేళాలకు ఒక కట్టడి ఉంది. నరసింహం వేషం వేసేవాడు ఆ రోజు పచ్చి మంచినీళ్ళు కూడా తాగడు. పొణికి కర్రతో చెక్కిన సింహం ముఖం తగిలించుకున్నాక వాణ్ణి సొంత పేరుతో పిలవకూడదు. స్తంభం చీల్చుకొని వచ్చేటప్పుడు నడుముకు మోకు కట్టి వెనకనుంచి ఒకడు పట్టుకుంటాడు, ఎందుకంటే ఆ కోపం వాడిది కాదు. సంజెవేళ, గడప మీద, రాజును ఒళ్ళో వేసుకొని చంపాలి. తర్వాత ప్రహ్లాదుడు శాంతి పాట పాడి పానకం పోస్తేనే ముఖం తీయాలి. నడుమ ఆపకూడదు. వాన పడినా, పాము వచ్చినా, పోలీసు వచ్చినా ఆపకూడదు. పాము వచ్చిననాడు దాన్ని కాలికింద తొక్కిపట్టి పద్యం పూర్తిచేశాను నేను.

ఆ రోజు నరసింహం మా అల్లుడు మధు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌పాత్ మీద ఫోన్ల కవర్లు అమ్ముకునే మెత్తటి మనిషి. గిరాకీ బేరమాడకముందే ధర తగ్గించే రకం. ప్రహ్లాదుడు వాడి కూతురు తన్మయి, డిగ్రీ చదువుతోంది. మోకు పట్టేది అంతయ్య, నా ఈడువాడు, వరసకు బావ. ఇంతే మా మేళం. తక్కినవాళ్ళు పోయారు, నేను మిగిలాను.

ఆటకు ముందు సంఘం కార్యదర్శి గంగాధరరావు తెర వెనక్కి వచ్చాడు. రిటైరైన ఇంజనీరు, గుంటూరు వైపు మనిషి. మా అపార్టుమెంటులోనే మూడో అంతస్తు. నేను కింద, సెల్లారు పక్క గదుల్లో.

"రామస్వామిగారూ, అరగంటలో తేల్చేయాలండీ. తర్వాత డీజే ఉంది. పిల్లలు ఏడుస్తున్నారు."

"సారూ, దేవుడు స్తంభంలకెళ్ళి రావాలె. లిఫ్టుల రాడు గదా."

"ఆ వచ్చేదేదో కాస్త ముందే రమ్మనండి," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు అక్కడే మింగాను. గొంతులో ఎముకలా ఉండిపోయింది.

ఆట మొదలైంది. ఆ పూట నేను వేసిన కేకకు ఎల్బీనగర్ మెట్రో ఒక క్షణం ఆగి కదిలిందని తర్వాత చాలామంది చెప్పారు. బజ్జీలవాడు బజ్జీలు మరిచిపోయాడు. పడమర ఎర్రబడింది. గదతో స్తంభాన్ని కొట్టాను. కాగితం స్తంభం ఫెళ్ళున చీలింది. జూలు విదిలిస్తూ మధు బయటికి వచ్చాడు.

అప్పుడే కరెంటు పోయింది.

పోలేదు, తీశారు. స్టేజీకి అవతల రంగురంగుల దీపాలు వెలిగాయి. గుండెలదిరేలా డీజే మొదలైంది. పిల్లలు కేకలు పెడుతూ అటు పరుగెత్తారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కిరీటంతోనే స్టేజీ మీదినుంచి దూకాను. ఆ దూకుడుకు రెండు కుర్చీలు విరిగాయి. గంగాధరరావు ముందు నిలబడ్డాను.

"సారూ, సింహం బయటికొచ్చింది. ఇంక రెండు పద్యాలు. నన్ను చావనీయుండ్రి!"

"మీ టైం అయిపోయిందండీ. రేపు చావండి. రేపు పొద్దున యోగా క్లాసు అయ్యాక స్టేజీ ఖాళీయే."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నోటికొచ్చిందల్లా తిట్టాను. చలికి వణికే ముసలోళ్ళకు చెమటలు పట్టేలా తిట్టాను. తిడుతూనే ఉన్నాను... పడమటి ఎరుపు పోయి చీకటి పడింది.

అప్పుడు అంతయ్య నా భుజం పట్టుకున్నాడు. వాడి చేతిలో మోకు ఉంది. మొఖంలో నెత్తురు చుక్క లేదు.

"బావా... మోకు తెగలే. ముడి ముడి లెక్కనే ఉన్నది. మనిషి లేడు."

చూశాను. మధు నడుమంత ఉచ్చు. బిగించిన ముడి. లోపల ఖాళీ.

*

వెతుకుతూ మా అపార్టుమెంటుకే వచ్చాం. సెల్లారులో దీపం లేదు. ర్యాంపు దిగుతుంటేనే వాసన తగిలింది. తడిసిన జనపనార జూలు వాసన... కాలిన కర్పూరం... వాటి కింద ఇంకొకటి. పచ్చి మాంసం కోసే దుకాణం పొద్దున్నే తెరిస్తే వచ్చేది.

కార్ల మధ్య ఎక్కడో ఊపిరి వినిపిస్తోంది. పెద్ద ఊపిరి. పీల్చినప్పుడు కార్ల మీద కప్పిన గుడ్డలు అటు వంగుతున్నాయి. వదిలినప్పుడు ఇటు.

తన్మయి ఫోన్ టార్చి వేసింది. ఇంకా ప్రహ్లాదుడి వేషంలోనే ఉంది. వెలుగు ఒక మూల ఆగింది. మధు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు... మధు భుజాలు అంత వెడల్పు ఉండవు.

"బాపూ," అని గుసగుసలాడింది. నేను దాని నోరు మూసేలోపే దగ్గరికి పోయి పొణికి ముఖం అంచు పట్టుకుంది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తాతా... కట్టె కాదు ఇది. వెచ్చగున్నది. గిట్ల... కొట్టుకుంటున్నది."

మధు మెడ తిప్పలేదు. గొంతు మాత్రం గోడలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఎక్కడ... వాడు?"

నేను స్తంభం చాటున ఉన్నాను. భయపడి కాదు, ఎటునుంచి లంకించుకోవాలా అని చూస్తున్నాను. ఏదో టపటపా రాలింది. ముఖం గడ్డం కిందనుంచి నెత్తురు. ఆ ఉగ్రం మనిషి ఒంట్లో పట్టక మధు ముక్కులోంచి కారిన నెత్తురని అంతయ్య తర్వాత చెప్పాడు.

తన్మయిని బయటికి లాగి సెల్లారు షట్టరు కిందికి గుంజాం.

"ఇప్పుడే నేను పోయి ఆయన ఒళ్ళ పండుకుంట," అన్నాను. "రెండు నిమిషాల పని."

"చీకటి పడ్డది బావా. పొద్దూ కాదు రాత్రీ కాదు అన్న యాళకే ఆయన సంపుతడు. ఇప్పుడు పోతే నువ్వు సావవు, ఆయన దిగడు." అంతయ్య గొంతు తగ్గించాడు. "తెల్లారుగట్ల ఒక్క సంజె ఉన్నది. అది దాటి పొద్దు పొడిస్తే మధు ఇగ మధు గాడు. మా మేనమామ అట్లనే పోయిండు. శాంతి పాడలేదు. మనిషిని మంచానికి కట్టేస్తే మంచమే మిగిలింది."

తన్మయి ఏడవలేదు. షట్టరుకు చెవి ఆనించి కూర్చుంది.

దవాఖానకు ఫోన్ చేద్దామా అంటే ఏమని చెప్పాలి? పైకి వెళ్ళి గంగాధరరావు తలుపు కొట్టాను. కనీసం డీజే ఆపించమని. తలుపు తీయకుండానే లోపలినుంచి, "పొద్దున మాట్లాడదామండీ," అన్నాడు. కింద షట్టరు మీద గీరుతున్న చప్పుడు మూడో అంతస్తుదాకా వినిపిస్తోంది. వినిపించనట్టే ఉన్నాడు.

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పను. నా వంటివాడికే చెప్పబుద్ధి కాలేదంటే మీరే అర్థం చేసుకోండి.

*

మంచు దిగింది. వీధి చివర దీపం పసుపు మరకలా కనిపిస్తోంది. ఆకాశం నలుపు వదిలింది, తెలుపు పట్టలేదు. అంతయ్య షట్టరు సగం ఎత్తాడు. లోపలా కాదు, బయటా కాదు... ఆ ఇనుప గడప మీద నేను నిలబడ్డాను. కిరీటం సర్దుకున్నాను. నా జీవితంలో వెయ్యిసార్లు చచ్చాను, ప్రతిసారీ జనం లేచి నిలబడ్డారు. ఈసారి జనం లేరు. నా మనుమరాలు, పానకం చెంబు.

"ఎక్కడరా నీ హరి?" అన్నాను.

గొంతు బొంగురుగా వచ్చింది. చలికి. చలికే.

లోపల ఊపిరి ఆగింది.

రాలేదు... రాలేదు... వచ్చింది.

నేల మీద అడుగు చప్పుడు లేదు. ముందు వాసన. తర్వాత జూలు. తర్వాత కళ్ళు. పొణికి ముఖానికి కళ్ళు ఉండవు, రంధ్రాలే ఉంటాయి. అవి నిండి ఉన్నాయి.

నన్ను గడ్డిపరకలా ఎత్తి ఒళ్ళో వేసుకుంది. ఎనభై కిలోల మనిషిని నేను. పైకి చూశాను. ఆ వేళ్ళకు వంకర గోళ్ళు ఉన్నాయి. అప్పుడు రెండు సంగతులు తట్టాయి. వేషానికి పెట్టుకునే రేకు గోళ్ళు నిన్న స్టేజీ మీద రాలితే అంతయ్య ఏరి జేబులో వేసుకున్నాడు. ఇక పేగులంటూ మేము చూపించేది ఎర్రరంగు అద్దిన గుడ్డ పేలిక, అది నేను పొట్టకు చుట్టుకోవాలి. ఆదరాబాదరాలో చుట్టుకోలేదు.

ఇప్పుడు నా పొట్ట మీద ఉన్నది ఒక్క పలుచటి అంగరఖా.

చచ్చేముందు హిరణ్యకశిపుడు హరిని తలుచుకోవాలి. అది పద్ధతి. వెయ్యిసార్లు తలుచుకున్నాను. ఆ పూట ఎంత ప్రయత్నించినా హరి రాలేదు. తలుపు తీయని ఆ మనిషి ముఖమే వచ్చింది. రేపు చావండి అన్న ఆ నోరు... ఆ నవ్వు... నా కడుపులో రాత్రంతా ఉడికిన కోపమంతా ఆ ముఖం చుట్టే తిరిగింది. ఒక్క పేరే ఉంది మనసులో.

సింహం తల వంచింది. నా ముఖంలోకి చూసింది. ఏదో చదువుతున్నట్టు... చాలాసేపు.

చెయ్యి లేచింది.

దిగింది.

చప్పుడు విన్నాను. తడి గుడ్డ నిలువునా చింపినట్టు. నొప్పి లేదు... ఎందుకో నొప్పి లేదు. ఆ చెయ్యి లాగుతోంది. లాగుతూనే ఉంది. బారెడు... ఇంకా... మెడలో వేసుకుంది. ఆ చలిలో దాన్నుంచి ఆవిరి లేస్తోంది.

"పాడవే!" అంతయ్య అరిచాడు.

తన్మయి పాడింది. వణుకుతూ మొదలుపెట్టింది. "చల్లబడవయ్య సామీ, కోపమిక చాలు సామీ..." గొంతు నిలబడింది. అది నా గొంతు, నా రక్తం, ఎక్కడికి పోతుంది? పాడుతూ ముఖం నోట్లోకి పానకం పోసింది. పట్టుకున్న చేతులు సడలాయి. భుజాలు కుంగాయి. పొణికి ముఖం ఠక్కున నేలమీద పడి, వట్టి కట్టెలా దొర్లింది.

దాని వెనక మధు. ముక్కు కింద ఎండిన నెత్తురు, బుగ్గల మీద కన్నీళ్ళ చారలు.

"మామా... ఆట అయిపోయిందా?"

"అయిపోయింది బిడ్డా," అన్నాను. తన్మయి తండ్రిని గట్టిగా పట్టుకొని అప్పుడు ఏడ్చింది. పసిపిల్లలా ఏడ్చింది.

నేను నా పొట్ట తడుముకున్నాను. అంగరఖా చిరగలేదు. గుండీ కూడా ఊడలేదు. చర్మం మీద గీత లేదు.

అంతయ్య మాత్రం మధు మెడవైపే చూస్తున్నాడు.

"బావా," అన్నాడు. మధు మెడలోది వేలుతో చూపించాడు. "నువ్వు పేలిక... చుట్టుకోలేదు గదా?"

అది ఇంకా వెచ్చగానే ఉంది. ముట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

అప్పుడే లిఫ్టు దిగిన చప్పుడైంది. గంగాధరరావు. వాకింగ్ బూట్లు, మెడదాకా జిప్పు లాగిన జాకెట్టు. మమ్మల్ని చూసి ఆగాడు. రాత్రి జరిగిందేదీ గుర్తులేనట్టు నవ్వాడు. మేము తెల్లటి ఆవిరి వదులుతూ రొప్పుతున్నాం. ఆయన నోటినుంచి ఆవిరి రావడం లేదు.

"లేచారా రామస్వామిగారూ! నాకేంటో అండీ, ఇప్పుడే మెలకువ వచ్చింది. భలే తేలిగ్గా ఉంది." జాకెట్టు మీద అరచేత్తో తట్టుకున్నాడు. ఖాళీ డబ్బా మీద తట్టినట్టు మోగింది. "కడుపులో ఏమీ లేనట్టే ఉందనుకోండి. ఇంత హాయి ఎప్పుడూ ఎరగను."

చెయ్యి ఊపి మంచులోకి నడిచివెళ్ళాడు.