ఎర్ర తాళం

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి సలహాదారు నిలబడే ఉన్నాడు. కాకపోతే ప్రాణం లేదు. మెడ చుట్టూ బిగిసిన స్టీలు తీగ పైనున్న ఫ్యాన్ గ్రిల్‌కి కట్టి ఉంది. బూట్ల మీదికి రక్తం ఇంకా కారుతూనే ఉంది. రిసెప్షన్‌లో అమ్మాయి కెవ్వుమంది.

గంట తిరక్కుండా బల్లి చీఫ్ గదిలో ఉన్నాడు. బల్లి అనేది ఆ ఏజెంటుకి డిపార్ట్‌మెంట్ పెట్టిన ముద్దుపేరు. గోడలెక్కడంలో దిట్ట కాబట్టి పెట్టారని, తన అందం చూసి కాదని అతను కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటూ ఉంటాడు.

"తీగతో చంపేవాడు ఒక్కడే," అన్నాడు చీఫ్. "దర్జీ. అమావాస్య ముఠా మనిషి."

"ఆయిల్ అమ్ముకునే విదేశీ ముఠానా?"

"అదే. ఏడు పేద దేశాలు కలిసి సోలార్ ఒప్పందం చేసుకున్నాయి. ఒకరు ప్యానెళ్ళిస్తారు, ఒకరు బ్యాటరీలు, ఒకరు ట్రైనింగ్. డిజైన్ అందరికీ ఉచితం. పోయిన సలహాదారే ఏడుగురినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టాడు. మొదటి స్టేషన్ రేపు పొద్దున మన దగ్గరే ఆన్ చేస్తున్నారు. అది నడిస్తే మిగతా ఆరుచోట్లా లేస్తాయి. అక్కడ ముఠా బాంబు పెట్టిందని కబురొచ్చింది. ప్రతినిధులతో సహా పేలిపోతే ఇంకే బ్యాంకూ అప్పివ్వదు. ఒప్పందం అటకెక్కినట్టే."

బల్లి కుర్చీలోంచి లేచాడు. ఆ స్టేషన్ చీఫ్ ఇంజనీరు అతని అక్క. తల్లి పోయాక అన్నం పెట్టి, చెవి మెలేసి పెంచింది ఆవిడే. తమ్ముడు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముతాడనీ, అది కూడా చేతకావడం లేదనీ ఆవిడ గట్టి నమ్మకం.

"అక్కని అక్కణ్ణించి తప్పించండి సార్."

"తప్పిస్తే ముఠాకి అనుమానం వస్తుంది. బాంబుని తప్పించు."

చీఫ్ బల్ల మీద మూడు వస్తువులు పెట్టాడు. మత్తు గ్యాస్ చిమ్మే పెన్ను. చుట్టుపక్కల రేడియో సిగ్నళ్ళన్నీ ఆపేసే వాచీ. ఒక ఎర్ర తాళం.

"ఈ తాళం ఏం చేస్తుంది సార్? పేలుతుందా?"

"పడుతుంది. నువ్వు ఎలక్ట్రీషియన్ వేషంలో వెళ్తున్నావు. స్టేషన్‌లో లోపలికి దిగే ప్రతి పనివాడూ మెయిన్ బ్రేకర్‌కి సొంత తాళం వేసుకోవాలి. అది ఉన్నంతసేపు కరెంటు రాదు. వేసినవాడే తీయాలి."

"తెలుసు సార్. అన్నం తినేటప్పుడల్లా అక్క ఇదే పాఠం."

మర్నాడు స్టేషన్ గేటు దగ్గర నీలం పట్టు గౌనులో దుబాసీ నిలబడి ఉంది. ఏడు భాషలు మాట్లాడుతుంది, ఏడింటిలోనూ మగాళ్ళని తడబడేలా చేస్తుంది. అమావాస్యలో డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి ఆమే.

"మబ్బు పట్టిందా?" అన్నాడు బల్లి.

"పట్టినా కురవదు," అందామె కోడ్ ప్రకారం. "బాంబు హాల్ కింద ఉంది. రిమోట్ దర్జీ దగ్గర, స్విచ్ రూమ్‌లో. వాచీ ఆన్ చేసుకుని ఒక్కడివే వెళ్ళు."

వాచీ నొక్కి స్విచ్ రూమ్‌లోకి అడుగుపెట్టాడో లేదో, వెనకనుంచి తీగ మెడకి పడింది. వేళ్ళు మధ్యలో పెట్టాడు కాబట్టి గొంతు తెగలేదు. వేళ్ళు మాత్రం ఎముకదాకా తెగాయి. దర్జీ ఊపిరి చెవిలో వేడిగా తగులుతోంది. బల్లి రెండో చేత్తో పెన్ను తీసి నొక్కాడు. గ్యాస్ రాలేదు. కళ్ళు బైర్లు కమ్ముతుండగా దాన్ని వెనక్కి తిప్పి బలమంతా పెట్టి పొడిచాడు. పెన్ను దర్జీ కంట్లోకి సగం దిగింది. వాడు అరిచాడు, తూలాడు, ప్యానెల్ అంచుకి తల కొట్టుకుని పడ్డాడు. మళ్ళీ కదల్లేదు. చీఫ్ అనుకున్న పద్ధతిలో కాకపోయినా పెన్ను పనికొచ్చింది.

బల్లి దర్జీ జేబులు వెతికాడు. రిమోట్ లేదు. బ్రేకర్ వెనకనుంచి కొత్త వైరు ఒకటి కేబుల్ గోతిలోంచి హాల్ వైపు పోతోంది. అప్పుడర్థమైంది. రేడియో లేదు, పాడూ లేదు. వేదిక మీద బటన్ నొక్కితే బ్రేకర్ ఆన్ అవుతుంది, బ్రేకర్ ఆనైతే హాల్ లేచిపోతుంది. అక్క ఆ బటన్ పక్కనే నిలబడి ఉంది.

ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. వాచీ తన పని బ్రహ్మాండంగా చేస్తోంది.

"ఐదు... నాలుగు..." హాల్లో ప్రతినిధులందరూ కలిసి లెక్కపెడుతున్నారు.

వైర్లు విప్పే టైము లేదు. నెత్తురుతో జారిపోతున్న చేతుల్తో బ్రేకర్ కన్నంలో ఎర్ర తాళం దూర్చాడు.

"రెండు... ఒకటి..."

తాళం పడింది. ఆ వెంటనే బ్రేకర్ మోటారు గుర్రుమని హ్యాండిల్‌ని లాగింది. హ్యాండిల్ తాళానికి తట్టుకుని ఆగిపోయింది.

"తాళంచెవి ఇటివ్వు," అంది వెనకనుంచి దుబాసీ. చేతిలో సైలెన్సర్ పిస్తోలు. అబద్ధం చెప్పి తనని దర్జీ దగ్గరికి పంపిందెవరో బల్లికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"అమావాస్య జీతం బాగుందా?"

జవాబుగా పిస్తోలు తుస్సుమంది. భుజంలో మాంసం చీలి, బల్లి గోడకి కొట్టుకుని కూలబడ్డాడు. తాళంచెవి నోట్లో వేసుకుని మింగేశాడు. అది గొంతుని గీరుకుంటూ దిగింది.

ఆమె నవ్వింది. దర్జీ నడుముకున్న కత్తి లాక్కుంది. "కడుపు కోసి తీసుకుంటాలే."

గౌను పాడవకుండా కుచ్చిళ్ళు ఎత్తిపట్టి మరీ వంగింది. కత్తి మొన చొక్కా చీల్చి చర్మంలో దిగుతుండగా ధన్‌మని చప్పుడైంది. దుబాసీ బల్లి ఒళ్ళో బోర్లాపడింది. తల వెనక పగిలిపోయింది. కరెంటు పనివాళ్ళు వాడే పొడుగాటి ఫైబర్ కర్ర పట్టుకుని అక్క నిలబడి ఉంది.

"తాళం పడినట్టు వేదిక మీద లైటు వెలిగింది. తాళముంటే లోపల మనిషి ఉన్నట్టే. అందర్నీ బయటికి తోలి చూద్దామని..." అంటూ కింద ఉన్నవాడి మొహం చూసింది. కర్ర జారిపోయింది. "ఒరేయ్! నువ్వా?"

"పాలసీ అమ్ముదామని వచ్చానక్కా."

ఆవిడ చెంప మీద ఒక్కటిచ్చింది. తర్వాత భుజం మీద గాయాన్ని రెండు చేతులతో అదిమిపట్టి గట్టిగా ఏడ్చింది.

సాయంత్రానికి బాంబు తీసేశారు. ఆస్పత్రి మంచం దగ్గర చీఫ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్ద ఏజెంట్లని వణికించే మనిషి, అక్క ముందు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ప్రతినిధులు స్టేషన్ నుంచి కదలం అంటున్నారు మేడం. ఇవాళే ఆన్ చేయాలట. తాళం కోయించేద్దాం."

"కుదరదు. వేసినవాడు బతికే ఉన్నాడుగా, వాడే తీయాలి. మొదటిరోజే రూలు తప్పితే రేపు ఏడు దేశాల్లో ఎంతమంది పనివాళ్ళు చస్తారో!"

గోడకి వేలాడుతున్న ఎక్స్-రేలో, బల్లి కడుపు మధ్యలో తాళంచెవి తెల్లగా మెరుస్తోంది. అక్క కిటికీ దగ్గరికి వెళ్ళి అరటిపండ్ల గెల ఒకటి ఈడ్చుకొచ్చింది. ఒక పండు ఒలిచి తమ్ముడి నోటి దగ్గర పెట్టింది.

"తినరా. ఏడు దేశాలు నీకోసమే కూర్చున్నాయి."