నెదెల్యా ఎక్కే మలుపు

ఆనకట్ట దాటాక ఒక మలుపు ఉంది. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపకూడదని మా కొండల్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. బల్గేరియాలో చెడ్డపేరున్న చోట్లు ఇంకా ఉన్నాయి గానీ, దీనికున్నంత పేరు దేనికీ లేదు.

ఆ నీళ్ల అడుగున ఒక ఊరుంది. ఆనకట్ట కట్టినప్పుడు మునిగింది. అందరూ మూటాముల్లే సర్దుకుని కొండెక్కేశారు... నెదెల్యా అనే కొత్త పెళ్లికూతురు తప్ప. ఇంట్లో మర్చిపోయిన ఉన్ని లంగా కోసం వెనక్కి వెళ్లిందట. అంతే.

అప్పట్నుంచి మంచు దిగిన రాత్రుల్లో వచ్చే పోయే బండ్లు ఎక్కుతుందని చెబుతారు. ఆమె కనబడదు. తడి ఉన్ని వాసన మాత్రం వస్తుంది...

పట్నం నుంచి మా ఊరికి చిన్న బస్సు నడిపే ఒగ్న్యాన్ ఇవన్నీ నమ్మే రకం కాదు. జరిగింది నాకు చెప్పింది అతనే.

ఆకులు రాలే కాలం. రాత్రి ఆఖరి ట్రిప్పు. మలుపు దగ్గరికొచ్చేసరికి మంచు కమ్మేసింది. అద్దం తెల్లబడిపోయింది. ఒగ్న్యాన్ ముందు అద్దం తేటపడేలోపే —

వాసన.

తడి ఉన్ని, పాత నేలమాళిగ, ఇంకేదో కుళ్లిన వాసన... అన్నీ కలిసి మొహం మీద ఊదినట్టు వచ్చింది. వెనక సీట్లలోంచి ఎవరో గొంతు తగ్గించి, "ఎక్కింది," అన్నారు.

మలుపు దాటి, మంచు విడిపోయి, కాసేపయ్యాక వాసన పోయింది. మర్నాడు రాత్రి మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అదే చోట.

జనం తగ్గిపోయారు. చుట్టూ తిరిగి వెళ్లే పెద్ద బస్సు ఎక్కడం మొదలెట్టారు. ఒగ్న్యాన్‌కి నిద్ర పోయింది, తిండి పోయింది. బండి అమ్మేస్తానని కూడా అన్నాడట.

ఆఖరికి మా ఊరి చర్చిలో ఎవ్తిమి ఫాదర్ దగ్గరికి వెళ్లాడు. ఫాదర్ రాగి చెంబులో మంత్రజలం, అది చల్లడానికి గుప్పెడు తులసి కొమ్మలు పట్టుకొచ్చి, బండి ముందు నిలబడి ప్రార్థన చదివాడు. చేతికి బలం ఉన్న మనిషి. అద్దం మీదా, అద్దం కింద గాలి లోపలికెళ్లే జల్లెడ మీదా ధారాళంగా చల్లాడు.

ఆ రాత్రి వాసన రెట్టింపయింది.

ఫాదర్ ఏమీ కంగారు పడలేదు. "మొండికేస్తోంది నాయనా," అని ఇంకో చెంబు చల్లాడు. తర్వాత మరొకటి. మూడో చెంబు తర్వాత వాసన ఎలా ఉందంటే, ముందు సీట్లో కూర్చున్నామె కిటికీలోంచి తల బయటపెట్టి, ఊరొచ్చేదాకా లోపలికి తియ్యలేదు.

అప్పుడొచ్చింది ఒగ్న్యాన్ పెళ్లాం జ్లాతినా. పట్నంలో అక్కని చూసి వస్తూ ఆ రాత్రి బస్సెక్కింది. బస్సులో ఇంకెవరూ లేరు.

మలుపు వచ్చింది. మంచు కమ్మింది. వాసన వచ్చింది. ఒగ్న్యాన్ శిలువ గుర్తు వేసుకుని, "వచ్చిందే..." అని గొణిగాడు.

జ్లాతినా రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది.

"ఇప్పుడేం నొక్కావు?"

"అద్దం మీద మంచు పోయే బటన్. ఎందుకు?"

ఆమె చెయ్యి చాపి ఆ బటన్ ఆపేసింది. వాసన తగ్గింది. మళ్లీ నొక్కింది. గుప్పున వచ్చింది. ఆపింది. తగ్గింది.

"నీ దెయ్యానికి బటన్ కూడా ఉందేమయ్యా," అంది.

సంగతేంటంటే, ఆ బటన్ నొక్కితే ఏసీ దానంతటదే నడుస్తుంది. ఒగ్న్యాన్ ఎండాకాలంలో కూడా ఏసీ వెయ్యడు, గొంతు పట్టేస్తుందని. దారి మొత్తంలో అద్దానికి మంచు పట్టేది ఆ మలుపులోనే. అందుకే నెదెల్యా అక్కడే ఎక్కుతోంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బండి ముందేసుకుని కూర్చున్నారు. డాష్‌బోర్డు పెట్టె ఊడదీసి దాని వెనకున్న ఫిల్టర్ లాగితే, నల్లగా నూగు పట్టి చచ్చిన పిల్లిలా ఉందట. జల్లెడ కింద వాల్‌నట్ ఆకులు కుళ్లి ముద్దయి ఉన్నాయి. వాటి మీద ఫాదర్‌గారి తులసి. ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయింది. తీగ పెట్టి కెలికితే బొడబొడా కారింది మురుగు.

కొత్త ఫిల్టర్ వేశారు. బూజు చంపే నురగ తెచ్చి లోపలికి కొట్టారు. తలుపులన్నీ తెరిచి, వేడిగాలి గట్టిగా పెట్టి ఆరబెట్టారు. ఇక మీదట ఊరు రాకముందే ఏసీ ఆపి, వట్టి ఫ్యాను తిప్పి, లోపల తడి ఆరాకే బండి ఆపాలని జ్లాతినా మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. సంగతి తెలిసిన ఎవ్తిమి ఫాదర్ చాలాసేపు గడ్డం నిమురుకుని, తన కారులో ఆ పెట్టె ఎలా ఊడుతుందో వచ్చి చూపించమన్నాడట.

ఆ రాత్రి ఒగ్న్యాన్ ఖాళీ బస్సుతోనే బయల్దేరాడు. జనానికి ఇంకా నమ్మకం కుదరలేదు మరి.

మలుపు... మంచు... బటన్ నొక్కాడు.

శుభ్రమైన గాలి. ఉతికి ఎండబెట్టిన దుప్పటిలా. ఒగ్న్యాన్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

అప్పుడు వెనక సీట్లోంచి, మెల్లగా —

"అమ్మయ్య... ఇన్నాళ్లకి ఊపిరాడింది."

ఆడగొంతు.

ఒగ్న్యాన్ వెనక్కి తిరగలేదు. అద్దంలోనూ చూడలేదు. ఇన్నేళ్ల అలవాటు కదా, నోరు దానంతటదే అడిగేసిందట.

"ఎక్కడ దిగుతావమ్మా?"

"మలుపు దాటాక ఆపు."

ఆపావా అని అడిగాను నేను. ఆపకేం చేస్తానన్నాడు. దిగేవాళ్లని దించాలి కదా.

తలుపు తీసిన చప్పుడు వినబడలేదట. వేసిన చప్పుడు మాత్రం గట్టిగానే వినబడిందట.