గవర్నర్ దొర సంతకం

కోదాడ బైపాస్ మీద పొద్దున ఆరింటికి వాకింగ్‌కు పోయిన రిటైర్డ్ టీచర్ ప్రభుదాస్‌ను నంబర్ ప్లేట్ లేని తెల్లకారు ఒకటి గుద్దింది. వెనక్కొచ్చి ఇంకోసారి గుద్దింది. ఆ తర్వాత తాపీగా వెళ్లిపోయింది. యాక్సిడెంట్లు రెండుసార్లు గుద్దవు కాబట్టి ఆ కేసు స్టేషన్‌లో గంటసేపు కూడా ఉండలేదు. డిపార్ట్‌మెంట్‌కు వచ్చేసింది.

ఏ డిపార్ట్‌మెంట్ అని అడగకండి. దానికి పేరు లేదు, బోర్డు లేదు, జీతాల ఆలస్యం మాత్రం మిగతా డిపార్ట్‌మెంట్ల లాగే ఉంటుంది. అందులో ఏజెంట్ నైన్టీన్ సంపత్. పదకొండేళ్లుగా మారువేషాల్లోనే బతుకుతున్నాడు. ఈ వారం అతను పంట బీమా సర్వేయర్. చేతిలో రెగ్జిన్ బ్యాగు, జేబులో నాలుగు రంగుల పెన్ను, బ్యాగులో రౌండ్ సీలు.

పది గంటలకు మునగాల దగ్గర హైవే దాబాలో మూల టేబుల్ ముందు నిలబడి కోడ్ చెప్పాడు. "చాయ్‌ల అల్లం ఎక్కువైంది."

పేపర్ వెనక నుంచి జవాబు వచ్చింది. "అయితే పాలు కలపమను."

పేపర్ కిందికి దించి చీఫ్ వెంకటనారాయణ చిరాగ్గా చూశాడు. పోయినసారి ఓ లారీ డ్రైవర్ అనుకోకుండా అదే జవాబిచ్చి, సగం బ్రీఫింగ్ విని, ప్లేటు మిర్చిబజ్జీలు కూడా తిని పోయాడు. అయినా కోడ్ మార్చే ఫైలు ఇంకా పైనుంచి రాలేదు.

చీఫ్ పక్కన వర్ష కూర్చుని ఉంది. మిర్యాలగూడ రైస్ మిల్లు ఓనర్ల ఇంటి పిల్ల. ఫ్రెంచ్ మంచినీళ్ల ప్రాయంగా మాట్లాడుతుంది. నల్లకళ్లద్దాలు తీస్తే ఒక అందం, పెడితే ఇంకో అందం. రెండేళ్లుగా 'ఆల్బట్రాస్' అనే విదేశీ ముఠాలో మన ఏజెంట్‌గా ఉండి, వాళ్ల రహస్యాలు మోసుకొస్తోంది.

"విషయం," అన్నాడు చీఫ్. ఆయన ఏ విషయమైనా అలాగే మొదలుపెడతాడు.

హిందూ మహాసముద్రంలో సాంత్ ఆన్యెస్ అని ఒక దీవి. ఫ్రెంచివాళ్ల పాలన. కరువు కాలంలో యానాం రేవు నుంచి మనవాళ్లను ఓడలెక్కించి, చెరుకు తోటల్లో పనికి అక్కడికి పట్టుకుపోయారు. ఈ ప్రాంతం నుంచి కూడా తిండి కోసం సముద్రం దాకా నడిచి, ఓడ ఎక్కినవాళ్లున్నారు. 1874లో బోవాలె అనే గవర్నర్ ఒక ఉత్తర్వు రాశాడు. కూలి ఒప్పందం ముగిసిన మూడు వందల కుటుంబాలకు దీవిలో ఒక కొండ ఇచ్చాడు. వాళ్లకూ, వాళ్ల పిల్లల పిల్లలకూ. కాపీలు రెండు. ఆయన్ని వెనక్కి పిలిపించాక వచ్చిన కొత్త గవర్నర్ ఆఫీసు కాపీని కాల్చేశాడు. రెండో కాపీని, తిరిగొచ్చిన కూలీ ఒకడు ఇటు తెచ్చాడు.

"ఇప్పుడు అక్కడ గవర్నర్ అనరు, ప్రిఫెక్ట్ అంటారు. కుర్చీ అదే," అన్నాడు చీఫ్. "ఒక కంపెనీకి ఆ కొండ కావాలి, హార్బర్ కోసం. శుక్రవారం పదింటికి అక్కడి కోర్టులో ఆఖరి వాయిదా. అసలు కాగితం చూపిస్తే కొండ మనవాళ్లది, లేకపోతే కంపెనీది. ఆల్బట్రాస్‌ను పనిలో పెట్టింది కంపెనీయే. యానాం రికార్డులు తిరగేసి ఆ కాగితం ఎక్కడుందో కనిపెట్టింది ప్రభుదాస్. అందుకే పోయాడు."

"ముఠావాళ్లు కాగితాన్ని ఈడ కాల్చరు," అంది వర్ష. "చూసి, తమ చేతులతోనే కాల్చాలని కంపెనీ షరతు. ఎట్లైనా దేశం దాటిస్తరు. ఆ దీవిల అందరు తినేది మిర్యాలగూడ ఉప్పుడు బియ్యమే, మా బాబాయి మిల్లుకెల్లే పోతది. నేను గాడ కన్నేసి ఉంచుత."

సంపత్ ఒక్కటే అడిగాడు, ఇందులో మన సర్కారుకు ఏం పని అని. మన గడ్డ మీద మన మాస్టారిని చంపారు, అది చాలదా అన్నాడు చీఫ్. సంపత్‌కు చాలింది. అతనికి అక్షరాలు నేర్పింది కూడా అలాంటి ఓ మాస్టారే.

ప్రభుదాస్ జేబులో దొరికిన చీటీలో ఒకే వాక్యం ఉంది. 'మునగాలలో యాదమ్మ ఇంట్లో, పటం వెనక.'

యాదమ్మ ఇంట్లో ఆ పటం దేవుడి పటం కాదు. ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో చర్చిలో ఇచ్చే, బైబిలు వాక్యం అచ్చేసిన వాగ్దానం కార్డుకు కట్టిన ఫ్రేము. కొత్త కార్డు ముందుకు వస్తుంది, పాతది వెనక్కి పోతుంది, ఏదీ పారెయ్యరు. అన్నిటికన్నా వెనక మడతపెట్టిన మందపాటి కాగితం. ఎర్ర లక్క ముద్ర. పురుగు తోకలాంటి వంకర సంతకం.

"మా తాతకు తాత తెచ్చిండు," అంది యాదమ్మ. "తమ్ముణ్ని ఆడ్నే ఇడిశిపెట్టి వచ్చిండు. నీకు అక్కరొచ్చిననాడు పంపిస్త అని చెప్పి వచ్చిండట. ఇప్పుడు ఆ తమ్ముని మనుమల మనుమరాండ్లు ఫోన్ల కనవడి ఏడుస్తున్నరు. ఇయ్యమంటే ఇస్త బిడ్డా. కాని నువ్వు ఎవరివో నాకెర్కలేదు. రాసియ్యి."

రాసివ్వడం డిపార్ట్‌మెంట్ రూల్స్‌కు విరుద్ధం. సంపత్ తెల్లకాగితం తీసి రాశాడు. 'సర్కారు తరఫున ఈ కాగితం తీసుకున్నాను. శుక్రవారం లోపు కోర్టుకు చేరుస్తాను.' పదకొండేళ్లలో మొదటిసారి సొంతపేరుతో సంతకం పెట్టాడు. ముద్ర కావాలంది ముసలమ్మ. బ్యాగులో ఉన్నది ఒకటే సీలు, పంట బీమాది. అదే కొట్టాడు.

సూర్యాపేట సేఫ్‌హౌస్‌లో కాగితాన్ని స్టీలు ట్యూబులో పెట్టి, మూత లోపల మినప గింజంత ట్రాకర్ చిప్ అతికించాడు. హైదరాబాద్ నుంచి బయల్దేరిన కారు రావడానికి ఇంకో గంట పడుతుంది. వర్ష చాయ్ పెట్టింది. బాగుంది. సగం కప్పు దాకా బాగుంది.

కళ్లు తెరిచేసరికి ఒంటిగంట దాటింది. ట్యూబు లేదు, వర్ష లేదు, సెంటు వాసన మాత్రం ఉంది. రెండేళ్లుగా ఆమె మన మనిషిగా వాళ్లలో లేదు, వాళ్ల మనిషిగా మనలో ఉంది. మునగాల ముసలమ్మకు రాసిచ్చిన కాగితం గుర్తొచ్చి సంపత్ లేచి వాచీ చూసుకున్నాడు.

డయల్ మీద ట్రాకర్ ఎర్రచుక్క కోదాడ వైపు పరుగెడుతోంది. బండి తీశాడు. కోదాడ దాటుతుండగా ఆ చుక్కను పట్టుకున్నాడు. అది సిమెంటు లారీ. క్యాబిన్‌లో టిఫిన్ బాక్సు, బాక్సులో చిప్. నల్లకళ్లద్దాల మేడమ్ విజయవాడలో ఇమ్మని ఇచ్చారండీ, ఏమైనా పొరపాటా అని డ్రైవర్ భయపడుతూ అడిగాడు. పొరపాటే, కానీ నీది కాదన్నాడు సంపత్.

ఇక గాడ్జెట్లు అయిపోయాయి, బుర్ర మిగిలింది. వర్ష పొద్దున తన నోటితోనే చెప్పింది. అబద్ధాలు చెప్పేవాళ్లు మధ్యలో ఓ నిజం కలుపుతారు, నమ్మకం కుదరడానికి. బాబాయి మిల్లు. ఉప్పుడు బియ్యం. మిల్లుకు ఫోన్ చేసి బీమా సర్వేయర్ గొంతుతో అడిగితే, ఎగుమతి సరుకు గూడ్సుకు ఎక్కేసిందని, బండి నాలుగుంపావుకు పోర్టుకు బయల్దేరుతుందని గుమాస్తా చెప్పాడు.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ గూడ్స్ షెడ్‌కు చేరేసరికి నాలుగు దాటి ఐదు నిమిషాలు. నలభై వ్యాగన్లు. వేల బస్తాలు. స్కానర్ హైదరాబాద్ నుంచి రావాలంటే మూడు గంటలు. హమాలీలు పని ముగించి తువ్వాళ్లతో ముఖాలు తుడుచుకుంటున్నారు.

సంపత్ వాళ్ల పెద్ద, ముకద్దం ఉప్పలయ్య దగ్గరికి పోయి పక్కన గొంతుక్కూచున్నాడు. ఏజెంట్ నైన్టీన్‌గా కాదు, సూర్యాపేట మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసి వెన్ను వంగిపోయిన హమాలీ కొడుకుగా.

"మామా, ఇయ్యాల ఏదన్న బస్తా చేతులకెల్లి జారిందా?"

ఉప్పలయ్య వింతగా చూశాడు. "జారింది. ఆఖరికి కార్ల తెచ్చిండ్రు ఒక్క బస్తా. చెవుల్లేవు దానికి. కుట్టినోని తిట్టుకుంట ఎక్కిచ్చినం. ఏడో వ్యాగన్ల తలుపు కాడ్నే ఉన్నది."

గోనెసంచిని చేత్తో కుట్టేవాళ్లు రెండు మూలల్నీ మెలితిప్పి పిడికిలి పట్టేంత వదిలేసి కుడతారు. వాటినే చెవులంటారు. హమాలీకి పట్టు అక్కడే. వర్ష మిల్లులోనే పుట్టింది, గింజ కొరికి తేమ ఎంతో చెప్పగలదు. కానీ ఓనర్ ఇంటి పిల్ల ఏనాడూ బస్తా ఎత్తలేదు. సంచిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చక్కగా, తిన్నగా కుట్టేసింది.

ఉప్పలయ్య వ్యాగన్ ఎక్కి బస్తాను తలుపు దగ్గరికి జరుపుతుండగా సంపత్ మెడకు చల్లగా ఏదో తగిలింది. లిప్‌స్టిక్ అంత పిస్టల్.

"మంచిగ నిద్రపోయినవా?" అంది వర్ష. "వదిలెయ్ సంపత్. నువ్వు దీన్ని తీస్కపోయి ఎవరికిస్తవ్? మీ చీఫ్‌కు. నేను పైసలకు అమ్ముతున్న, ఆయన దేశం పేరు చెప్పి అమ్ముతడు. అంతే ఫరక్."

"నేను రాసిచ్చిన," అన్నాడు సంపత్.

ఇంజన్ కూత వేసింది. గార్డు పచ్చజెండా ఊపాడు. చక్రాలు కదిలాయి. వర్ష చూపు ఒక్క క్షణం అటు మళ్లింది. ఉప్పలయ్య పైనుంచి చెవుల్లేని బస్తాను ఒక్క తోపు తోశాడు. యాభై కిలోల ఉప్పుడు బియ్యం వర్ష చేతిమీద పడింది. పిస్టల్ చక్రాల కిందికి పోయింది, కుట్టు పిగిలింది, బియ్యంలోంచి స్టీలు ట్యూబు దొర్లుకుంటూ వచ్చి సంపత్ బూటుకు తగిలి ఆగింది. ఉప్పలయ్య కదిలే బండిలోంచి దూకి, "సూసినవా, పట్టు లేదు దానికి," అన్నాడు.

ట్యూబునూ, హమాలీలు పట్టుకున్న వర్షనూ చీఫ్ స్వయంగా వచ్చి తీసుకున్నాడు. భుజం తట్టాడు. కోర్టుకు టైముకు చేరుతుంది కదా సార్ అంటే తలూపాడు. తలూపడానికి ఎవరూ సంతకం పెట్టించుకోరు.

శుక్రవారం సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. గొంతులో పండగ. కాగితాన్ని 'స్నేహపూర్వకంగా' ప్రిఫెక్ట్ ఆఫీసుకు అప్పగించారట. బదులుగా కొత్త హార్బర్‌లో మన నౌకలు ఆగడానికి ఒక బెర్తు. కాగితం కోర్టు దాకా పోలేదు. కొండ కంపెనీదైంది. ఆ ఒప్పందంలోనే వర్షను విడిచిపెట్టి విమానం ఎక్కించారు. ప్రభుదాస్ ఫైలు మళ్లీ స్టేషన్‌కు పోయింది, యాక్సిడెంట్ అని.

"దేశానికి పెద్ద విజయం, సంపత్."

"నేను రాసిచ్చిన సార్."

"రాసింది పంట బీమా సర్వేయర్. డిపార్ట్‌మెంట్‌లో నీ పేరుతో ఎవరూ లేరు."

సంపత్‌కు ఏడుపొచ్చింది. ఏడవలేదు. వర్ష అన్న మాట మెడ మీద పిస్టల్ కంటే చల్లగా ఉంది.

ఆదివారం మునగాల వెళ్లాడు. చెప్పకుండా ఉండిపోవచ్చు, ఇన్నేళ్లూ ఎందరికో చెప్పకుండానే ఉన్నాడు. యాదమ్మ చర్చి నుంచి అప్పుడే వచ్చి, మంచినీళ్లిచ్చింది. దీవిలో కొండ మీదికి మిషన్లు వచ్చాయని ఫోన్ వచ్చిందట.

"కాగితం ఇంక ముట్టలేదంటున్నరు బిడ్డా. తొవ్వల ఆలస్యమైనట్టుంది."

"ముట్టదు అవ్వా," అన్నాడు సంపత్. "మావోళ్లు వేరేటోళ్లకు ఇచ్చేసిండ్రు."

యాదమ్మ తిట్టలేదు కూడా. గోడ వైపు చూసింది. "నువ్వు రాసిచ్చినవ్ గదా," అంది చివరికి. "ఆ దొర గూడ రాసిచ్చిండు."

ఫ్రేములో ఈ ఏటి వాగ్దానం కార్డు వెనక్కి పోయింది. దాని ముందు, అద్దం కింద, పంట బీమా సీలుతో సంపత్ రాసిచ్చిన కాగితం ఉంది. అతను దాన్ని చివరి అక్షరం దాకా చదువుకున్నాడు. సంతకం విషయంలో మాత్రం గవర్నర్ దొర కంటే తనదే చక్కగా ఉంది.